చిట్టికి, కుర్చీ కొనే ముందు

చిట్టీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నీకు ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం వచ్చిందని, సబ్‌టైటిల్స్ రాసే పనని, అదీ తెలుగులోనే అని. మన ఇంట్లో తెలుగు టైపు కొట్టి బతికినదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఇప్పుడు నువ్వూ. పొద్దున్నే పక్కింటావిడకి చెప్పాను, పాలబ్బాయికి కూడా చెప్పాను.

తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. మొదటి జీతం రాగానే కుర్చీ కొంటావట. ఫొటో కూడా పంపింది. నల్లగా, ఎర్ర అంచులతో, తలకంటే ఎత్తు వీపు, మెడకో దిండు, నడుముకో దిండు. గేమింగ్ చెయిర్ అట. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఫోన్‌లో చెప్తే "సరే పెద్దమ్మా" అనేసి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

అయిదు కాళ్ల బేస్ ఉండాలి, ఎత్తు పెంచి తగ్గించే లివర్ బిగుతుగా పనిచెయ్యాలి, బిల్లూ వారంటీ కాగితం తీసుకోవాలి. ఇవి షాపువాళ్లే చెప్తారు, వాటికి నా ఉత్తరం అక్కర్లేదు.

నేను చెప్పాలనుకున్నది వేరే. 1998లో నేనూ ఒక కుర్చీ కొన్నాను. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి సగమే తెలుసు.

అప్పుడు నేను విజయవాడలో, ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ సెంటర్లో, అంటే కంప్యూటర్ మీద టైపు కొట్టి పేజీలు కూర్చే చోట, పనిచేసేదాన్ని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అన్నిటికంటే ఎక్కువగా టెన్త్, ఇంటర్ గైడ్లు. జీతం కాదు, పేజీకి ఇంత అని. మొదట్లో నాకిచ్చింది ఇనప మడత కుర్చీ. దాని మీద గంట కూర్చుంటే చాలనిపించేది, లేచి మంచినీళ్లు తాగొచ్చేదాన్ని, ప్రూఫులు చూసేవాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. నడుం నొప్పి అన్న మాట అప్పట్లో నా నోట రాలేదు.

కాస్త డబ్బు చేతిలో ఆడాక నాకూ మంచి కుర్చీ ఉండాలనిపించింది. ఓనరుగారి గదిలో ఒకటుండేది, నల్ల రెక్సిన్‌ది, వీపు ఇంత ఎత్తున. అలాంటిదే వెతికి వెతికి 1,900 రూపాయలకి కొన్నాను. రిక్షాలో కుర్చీని పెట్టించి, నేను పక్కన నడుచుకుంటూ తెచ్చాను. ఆ రోజు సెంటర్లో అందరూ తలా ఒకసారి కూర్చుని చూశారు. నాకెంత గర్వంగా ఉందో.

అది ఆరడుగుల మనిషికి చేసిన కుర్చీ చిట్టీ. నేను అయిదడుగులకి అంగుళం తక్కువ. నువ్వూ అంతే. వీపు వెనక్కి ఆనిస్తే సీటు అంచు మోకాళ్ల వెనక నొక్కుకునేది, పాదాలు గాలిలో వేలాడేవి. పాదాలు నేలకి ఆనిస్తే వీపు కుర్చీకి అందేది కాదు. రెండూ కుదరవని మొదటి వారమే తెలిసింది. కానీ అంత డబ్బు పోసి కొన్నాక బాగోలేదని ఎవరితో అంటాను? ఏడాది పాటు ఆ కుర్చీ అంచు మీదే కూర్చున్నాను. అంత పెద్ద వీపు నా వెనకాల గోడలా నిలబడి ఉండేది, నేను దానికి జానెడు దూరంలో ముందుకి వంగి కొట్టేదాన్ని. ఎడమ కాలు కింద చక్రాల కాడ మీద మెలేసి పెట్టుకునేదాన్ని.

1999 ఎండాకాలం వచ్చింది. జూన్‌లో బళ్లు తెరిచేసరికి గైడ్లు షాపుల్లో ఉండాలి, కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మాకు రాత్రీ పగలూ లేదు. అప్పుడు మొదలైంది. ముందు నడుం పట్టేసినట్టుండేది. తర్వాత ఎడమ పిర్రలోంచి తొడ వెనకగా దిగి పిక్క పక్క నుంచి పాదం దాకా, సన్నటి తీగ పట్టుకుని ఎవరో లాగుతున్నట్టు. దగ్గితే ఇంకా లాగేది. మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కుని వేసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు, సెంటర్లో చెప్పలేదు. చెప్తే నా సిస్టం ముందు ఇంకో అమ్మాయిని కూర్చోబెడతారని భయం. పైగా ఆ డబ్బుతో మీ అమ్మ పెళ్లికి గొలుసు చేయిస్తానని మాటిచ్చి ఉన్నాను.

మే నెలాఖరులో ఒక రోజు, అయిదు గంటలకి, సత్యనారాయణపురంలో బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాను. రోడ్డు ఇంకా పొయ్యిలాగే ఉంది. వెనక నుంచి మల్లెపూలమ్మే ఆవిడ కేక వేసింది. "అమ్మాయ్, చెప్పు వదిలేసి పోతున్నావేంటి?" కిందకి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. తిరిగి చూస్తే పదిహేను అడుగుల వెనక రోడ్డు మధ్యలో ఉంది. ఎప్పుడు జారిందో నాకు తెలియదు. ఆ తారు మీద చుర్రుమనాల్సిన పాదానికి దళసరి గుడ్డ మీద నడుస్తున్నట్టుంది. ఆవిడే తెచ్చి నా కాలి దగ్గర పెట్టింది. వేలు ఎత్తి చెప్పులో దూర్చబోయాను. బొటనవేలు లేవలేదు.

అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చేశాను.

నడుం పూసల్లో నాలుగోదానికీ అయిదోదానికీ మధ్యనున్న డిస్కు పక్కకి ఉబ్బి నరాన్ని నొక్కుతోందని డాక్టరు చెప్పారు. ఆపరేషన్ దాకా వెళ్లలేదు, కానీ మూడు నెలలు ఒక్క పేజీ కొట్టలేదు. ఫిజియోథెరపీ చేసినాయన ఒక రోజు "అమ్మా, నువ్వు పనిలో ఎలా కూర్చుంటావో చూపించు" అన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని చూపించాను. ఏమీ అనకుండా రెండు లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీలు తెచ్చి నా పాదాల కింద పెట్టారు, తువ్వాలు చుట్టి నడుం వంపులో పెట్టారు. ఏడాది తర్వాత మొదటిసారి నా వీపు కుర్చీకి ఆనింది. మా సెంటర్లో గోడ పొడవునా తెల్లకాగితం రీములు పేర్చి ఉండేవి చిట్టీ. రెండు రీములు కాళ్ల కింద పెట్టుకోవాలని ఏడాదిలో ఒక్కసారి నాకు తోచలేదు.

గొలుసు చేయించలేకపోయాను. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. నేను ఎప్పుడూ వెనక పట్టీ ఉన్న చెప్పులే ఎందుకు వేసుకుంటానని చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి, గుర్తుందా? అందుకే. ఆ బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా లేవదు.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. ఆ ఫొటోలో కుర్చీ చూడగానే నాకు నా నల్ల రెక్సిన్ కుర్చీ కనపడింది. ఆ ఆకారం రేసు కార్ల సీట్ల నుంచి వచ్చింది. కారు మలుపు తిరిగేటప్పుడు మనిషి జారకుండా పక్కన రెక్కలు పెడతారు. బల్ల ముందు కూర్చుని టైపు చేసుకునేదానికి ఆ రెక్కలెందుకు? నీలాంటి చిన్న మనిషికి అవి భుజాలని ముందుకి నెడతాయి, వేలాడే దిండు ఉండాల్సిన చోట ఉండదు. పైగా రెక్సిన్. ఏప్రిల్‌లో కూకట్‌పల్లిలో కరెంటు పోతే వీపంతా చెమటే. నా మాట విని జాలీ వీపు ఉన్నది చూడు, మెష్ అంటారు. సీటు మాత్రం గట్టి ఫోమ్‌ది తీసుకో, వేలితో నొక్కితే అడుగు తగలకూడదు.

షాపుకి వెళ్లే ముందు నిన్ను నువ్వు కొలుచుకో. వంటింటి స్టూలు మీద పాదాలు పూర్తిగా నేలకి ఆనించి కూర్చుని, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టు. నాకు 15 అంగుళాలు వచ్చింది, నీకూ అటూ ఇటుగా అంతే వస్తుంది. మామూలు ఆఫీసు కుర్చీలు ఎంత దించినా 17 అంగుళాల దగ్గర ఆగిపోతాయి, ఆ తేడా ఎక్కడికీ పోదు, కాళ్ల కింద ఏదో ఒకటి పెట్టి పూడ్చాల్సిందే. తర్వాత సీటు లోతు. వీపు పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చున్నాక సీటు అంచుకీ మోకాలి మడతకీ మధ్య మూడు వేళ్లు దూరాలి. నీకు 16 అంగుళాల లోతు చాలు. సీటు ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు ఉన్నవి దొరుకుతాయి, నాలుగు డబ్బులు ఎక్కువైనా అలాంటిదే తీసుకో. తలదిండు కోసం మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకు.

కుర్చీ వీపులో నడుం దగ్గరుండే ఉబ్బు నీ లంగా బొందు కట్టుకునే చోటికి రావాలి. అంతకంటే పైన వీపుకి తగిలితే అది నీ కుర్చీ కాదు. దాన్ని పైకీ కిందకీ జరుపుకోగలగాలి. చేతుల ఆనింపు ఎత్తు తగ్గకపోతే భుజాలు చెవుల వైపు లేస్తాయి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనకు. సెలవు రోజున నాంపల్లి వెళ్లు, అక్కడ వరసగా ఫర్నిచర్ షాపులున్నాయి. షాపతను ఏమన్నా అనుకోనీ, ఒక్కో కుర్చీలో పావుగంట కూర్చో. ఫోన్ తీసి ఏదన్నా టైపు చేసుకుంటూ కూర్చో. రెండు నిమిషాలు కూర్చుంటే అన్ని కుర్చీలూ బాగానే ఉంటాయి. కంపెనీలు ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు అమ్మేసే పాత కుర్చీలు కూడా దొరుకుతాయి. కొత్త నాసిరకం దానికంటే పాత మంచిది నయం, కానీ కూర్చుని పది నిమిషాలాగి చూడు, మెల్లగా కిందకి దిగిపోతుంటే సీటుని లేపి పట్టుకునే గ్యాస్ సిలిండర్ పోయినట్టే. నీ గదిలో టైల్సు కదా, చక్రాలు పీయూవి, అంటే ఒక రకం మెత్తటి ప్లాస్టిక్‌వి, అడుగు.

ఒక డాక్టరుగారి పుస్తకం కంపోజ్ చేసినప్పుడు చదివాను. స్వీడన్‌లో నాకెమ్‌సన్ అనే డాక్టరు 1960ల్లోనే మనుషుల డిస్కుల్లోకి సూది దించి ఒత్తిడి కొలిచాడట. నిలబడినప్పటి కంటే ఆనింపు లేకుండా కూర్చుంటే ఎక్కువ, ముందుకి వంగితే ఇంకా ఎక్కువ. ఆ పేజీ కొడుతుంటే నా చేతులు ఆగిపోయాయి. ఆ పుస్తకంలోనే ఇంకోటి ఉంది. పెద్దయ్యాక డిస్కు లోపల రక్తనాళాలుండవట, మనం కదిలితేనే దానికి పోషణ అందుతుందట. అంటే ఎంత మంచి కుర్చీలోనైనా మూడు గంటలు కదలకుండా కూర్చోకూడదు. నువ్వు సినిమా మొదలుపెడితే అన్నం కూడా అక్కడే తింటావు, నాకు తెలుసు. రీలు రీలుకీ లే. వీపు నిటారుగా బిగబట్టాల్సిన పని లేదు, కాస్త వెనక్కి వాలి కూర్చో.

ఒకవేళ నొప్పి వస్తే దాచకు. ఇది బతిమాలుతున్నాను. నడుం పట్టేసి నాలుగు రోజుల్లో తగ్గితే సరే. కాలిలోకి దిగినా, పాదం తిమ్మిరెక్కినా, చెప్పు జారినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు. రెండు తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారనీ అనుకోకూడదు. ఉద్యోగం ఏమవుతుందోనని ఆలోచించకు. మూడు నెలలు నీ గది అద్దె నేను కడతాను, పింఛను రాకపోయినా దాచుకున్నది ఉంది. నీకు చెప్పడానికి నేనున్నాను. నాకు అప్పుడు ఎవరూ లేరనుకున్నాను, అది కూడా తప్పే, మీ అమ్మ పక్క గదిలోనే ఉంది.

చివరగా బల్ల. మీ నాన్న చదువుకున్న టేకు బల్ల వేసుకుంటున్నావట. బాగుంది, కానీ దాని ఎత్తు 30 అంగుళాలు, మీ ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి కొలిచాను. నీ మోచెయ్యి సీటుకి పైన 9 అంగుళాలుంటుంది, ఆ బల్లకి అందాలంటే కుర్చీని 21 దాకా లేపాలి, పాదాలు ఆరంగుళాలు గాలిలో ఉంటాయి. వడ్రంగిని పిలిచి బల్ల కాళ్లు రెండంగుళాలు కోయించు. మీ అమ్మ ఒప్పుకోదు. నేను మాట్లాడతాను, గొలుసు సంగతి కూడా ఇన్నాళ్లకి పూర్తిగా చెప్తాను. అప్పుడు కుర్చీ 19 దగ్గర పెట్టుకుంటే నీకు కావలసింది నాలుగంగుళాలే.

అమ్మమ్మ పీట నా దగ్గరే ఉంది. రీముల తర్వాత ఇరవై ఏళ్లు దాని మీదే కాళ్లు పెట్టుకుని పనిచేశాను, మధ్యలో నా మడమల చోట నునుపు దేరింది. ఇందాకే టేపు పెట్టి చూశాను, సరిగ్గా నాలుగంగుళాలు. వచ్చే ఆదివారం బస్సులో తెస్తున్నాను. నేనొచ్చాక ఇద్దరం కలిసి నాంపల్లి వెళ్దాం, అప్పటిదాకా ఆ ఎర్ర అంచుల దానికి డబ్బు కట్టకు.

మీ పెద్దమ్మ