కొండ ఎక్కేముందు బండి దిగి చూడు, అల్లుడా

అచ్చంపేట నుంచి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వాదాలు.

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో ప్రాడో కొన్నావనీ, వచ్చే శుక్రవారం దోస్తులతో కలిసి ఒమన్‌లో రుస్తాక్ వైపు నుంచి వాదీ బనీ అవ్ఫ్ లోయ మీదుగా కొండ దాటి అల్ హమ్రాకు పోతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. ఆమెకు టెన్షన్. ‘నువ్వన్నా వద్దని చెప్పు అన్నా’ అంది. నేను వద్దని చెప్పను. ఆ కొండల్లో 14 ఏళ్లు అతిథులను తిప్పుతూ బండి నడిపినవాణ్ణి, వాటిని చూడకుండా ఒమన్ నుంచి తిరిగి రావద్దనే అంటాను. కానీ ఎట్లా పోవాలో చెప్తాను. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నా.

శుక్రవారం వద్దు, శనివారం పో. శుక్రవారం మధ్యాహ్నం ఊళ్లలో నమాజు ఉంటుంది, ఆ వేళకు ఇరుకు సందుల్లో నీ బండి అడ్డం పడకూడదు. పైగా మస్కట్ బండ్లన్నీ ఆ రోజే కొండ ఎక్కుతాయి. శనివారం కూడా తెల్లవారకముందే బయలుదేరు. చలికాలంలో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. లోయలో అంతకు గంట ముందే నీడ పడుతుంది, నీడలో రోడ్డు మీది గుంత కనపడదు.

అన్నిటికంటే ముందు టైర్లు చూడు. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చయి ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగుదల లేకుండా కొత్తగా మెరుస్తున్నా సరే, ఆ ఎండకు రబ్బరు లోపల ఎండిపోతుంది. ఐదేళ్లు దాటితే మార్పించు. డబ్బుల దగ్గర చూసుకోకు. స్టెప్నీని కూడా కిందికి దింపి చూడు. అమ్మినవాడు పై నాలుగు టైర్లే చూపించి ఉంటాడు.

ఎందుకింత చెబుతున్నానంటే, నువ్వు చూసిన రాయి వేరు, అక్కడి రాయి వేరు. మన పాలమూరు గుట్టల బండలు వానకూ ఎండకూ అరిగి గుండ్రంగా, ఏనుగు వీపులా ఉంటాయి. అక్కడ నల్లగా, ముదురు గోధుమ రంగులో కనిపించే కొండలు ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న రాయి. భూమి ఒత్తిడికి పైకి తోసుకొచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు ఆ రాళ్లను చూడటానికే వస్తారు. వాళ్లను తిప్పుతూ తిప్పుతూ నేనూ నాలుగు ముక్కలు నేర్చుకున్నా. పై ఎత్తులో తెల్లగా కనిపించే సున్నపురాయిలో గవ్వల అచ్చులుంటాయి, బండి ఆపి వెతుకు, దొరుకుతాయి. ఆ రాయి విరిగితే మాత్రం అంచు కత్తే. టైరు కింది భాగం తట్టుకుంటుంది గానీ, పక్క భాగం కోసుకుపోతే ఏ పంచర్ షాపూ అతకలేదు.

మట్టి రోడ్డు మొదలుకాగానే గాలి తగ్గించు. తారు మీద 35 పాయింట్లుంటే కంకర మీద 25, 26 చాలు. బండి కుదుపు తగ్గుతుంది, టైరు రాయిని పట్టుకుంటుంది. మరీ తగ్గించావంటే పక్క భాగం ఉబ్బి రాయికి తగులుతుంది. ఇసుకలోనైతే 18 దాకా పోవచ్చు, ఈ దారిలో ఆ అవసరం రాదు. అల్ హమ్రా తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. తక్కువ గాలితో స్పీడు పోతే టైరు వేడెక్కి పగులుతుంది. అందుకు చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కో. బ్యాటరీకి క్లిప్పులు తగిలించేదే కొను, సిగరెట్ లైటర్‌కు గుచ్చేవి పెద్ద టైర్లకు ఆగవు.

దారి సంగతి. రుస్తాక్ వైపు నుంచే ఎక్కాలనుకున్నావు, అది మంచి పని. చాలామంది అల్ హమ్రా వైపు నుంచి తారు మీద హాయిగా షరఫ్ అల్ అలమైన్ దాకా, అంటే సుమారు 2000 మీటర్ల ఎత్తుకు పోయి, అక్కడి నుంచి హాత్ ఊరి వైపు మట్టి దారిలో దిగుతారు. అలవాటు లేనివాడికి ఎక్కడం కంటే దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు కాలు తీస్తే బండి నిదానిస్తుంది. దిగేటప్పుడు కాలు తీస్తే ఉరుకుతుంది.

నేను అక్కడికి పోయిన మూడో ఏడు ఏం జరిగిందో మీ అమ్మకు కూడా చెప్పలేదు. ఐదుగురు అతిథులతో పైనుంచి హాత్ వైపు దిగుతున్నా. ముందు రోజు రాత్రి నిద్ర లేదు, తొందరలో ఉన్నా. లో గేరు వేయకుండా మామూలు గేరులోనే బ్రేకు తొక్కుతూ దిగాను. ముందు కాలిన వాసన వచ్చింది. ఇంకెవరి బండిదో అనుకున్నా. ఆ దారిలో ఇంకో బండే లేదు. తర్వాతి మలుపులో పెడల్ మెత్తగా నేలకు పోయింది. బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు పడితే అట్లాగే అవుతుంది, ఎంత తొక్కినా పట్టు ఉండదు. లోయ ఎడమ పక్క, కొండ కుడి పక్క. బండిని కొండకేసి రాసి ఆపాను. కుడి తలుపులు రెండూ పోయాయి, మనుషులకు ఏమీ కాలేదు. అతిథుల్లో ఒక పెద్దావిడ దిగి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ చేతి వణుకు నాకింకా గుర్తుంది.

కాబట్టి దింపు మొదలుకాకముందే, పైనే ఆగి, ఫోర్ బై ఫోర్‌లో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేటట్టు, లో గేరు వెయ్యి. నువ్వు పదో తరగతిలో మన చెలకలో ట్రాక్టర్ నడిపావు కదా, ట్రాలీ నిండా కంకులతో కట్ట దిగేటప్పుడు తాత ఏమనేవాడు? ‘ఇంజనునే పట్టుకోనియ్యి’ అనేవాడు. అదే లెక్క. ఆటోమేటిక్ బండైనా గేరును ఒకటిలో బిగించి పెట్టొచ్చు. బ్రేకు అప్పుడప్పుడు తొక్కి వదులు, కాలు దాని మీదే పెట్టి ఉంచకు. వాసన వచ్చిందంటే ఆగు, అరగంట కూర్చో. చక్రాల మీద నీళ్లు మాత్రం పొయ్యకు. షరఫ్ నుంచి అల్ హమ్రాకు దిగేది తారు రోడ్డేనని అక్కడ కూడా ఏమరుపాటు వద్దు. జబల్ అఖ్దర్ అనే ఇంకో కొండ మీదికి మంచి తారు రోడ్డుంది, అయినా బిర్కత్ అల్ మౌజ్ చెక్‌పోస్టులో పోలీసులు ఫోర్ బై ఫోర్ కాని బండిని పైకి వదలరు. ఆ దింపులో బ్రేకులు పోయిన బండ్లు ఆగడానికి రోడ్డు పక్కన ప్రత్యేకంగా ఎత్తు దారులు కూడా కట్టారు.

ఒంటి బండితో పోవద్దు. నీ దోస్తుల్లో ఇంకొకరికి ఫోర్ బై ఫోర్ ఉంటే రెండు బండ్లలో పొండి. ఒకటి కూరుకుపోతే రెండోది లాగాలి. లాగేటప్పుడు తాడును బండి ఛాసిస్‌కు ఉన్న కొక్కేనికే కట్టాలి. వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు కట్టనే వద్దు. అది విరిగితే తుపాకి గుండులా వచ్చి మనిషిని చంపుతుంది. తాడు నడుమ ఒక దుప్పటి వెయ్యి, అందరినీ దూరంగా నిలబెట్టు.

ఇక నీళ్లు. వాదీ అంటే వాగే కదా, వాగు మనకు తెలియదా అనుకుంటావు. మన దుందుభి కూడా ఎండాకాలం ఇసుకే, వానాకాలం కల్వర్టు మునిగిపోతుంది. కానీ మన చెలక నేల తొలి వాన నీళ్లు తాగుతుంది, తర్వాతే వాగులోకి వదులుతుంది. అక్కడ నేలే లేదు, అంతా రాయి. పడిన చుక్క పడినట్టే కిందికి ఉరుకుతుంది. నీ నెత్తిన నీలాకాశమే ఉంటుంది, 20 కిలోమీటర్ల అవతల కొండ మీద కురిసిన వాన నీ వాదీలోకి గోడలా వస్తుంది. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లల బండి వరదలో కొట్టుకుపోయింది, అప్పుడు నువ్వక్కడే ఉన్నావు. నీకు చెప్పాల్సిన పని లేదు.

వాదీలో పోతున్నప్పుడు తుమ్మ చెట్ల కొమ్మల్లోకి చూడు. వాళ్లు సముర్ అంటారు గానీ మన తుమ్మకు చుట్టమే. ఎండుగడ్డి, ప్లాస్టిక్ కవర్లు కొమ్మలకు చిక్కి ఉంటాయి. అవి ఎంత ఎత్తులో ఉంటే పోయినసారి నీళ్లు అంత ఎత్తు వచ్చాయన్నమాట. చాలా చోట్ల అవి నీ బండి టాపు కంటే పైన ఉంటాయి. అక్కడ చాప పరిచి బిర్యానీ తినకండి, బండి కూడా ఆపకండి. పారే నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకు మారినా, పుల్లలు కొట్టుకొచ్చినా, లారీ వస్తున్నట్టు చప్పుడు వినపడినా సామాన్లు వదిలేసి గట్టు ఎక్కండి. పారే వాదీలోకి కావాలని బండి దింపితే అక్కడి చట్టం ప్రకారం శిక్ష కూడా ఉంది. ఆ ముందు రెండు రోజుల్లో వాన హెచ్చరిక వస్తే ప్రయాణం మానుకో. కొండ ఎక్కడికీ పోదు.

నీకు ఒక్క అలవాటు నేర్పగలిగితే చాలు. అనుమానం వచ్చిన ప్రతిచోటా బండి దిగి నడువు. మలుపు అవతల ఏముందో కనపడకపోతే దిగి చూసి రా. నీళ్లు కనపడితే కట్టె పట్టుకుని నువ్వు దాటి చూడు, నువ్వు నడవలేని చోట బండి కూడా నడవదు. రాళ్ల మెట్టు ఉంటే ఏ చక్రం దేని మీద ఎక్కాలో ముందే కళ్లతో గుర్తు పెట్టుకో. ఒక దోస్తును ముందు నిలబెట్టి చేతి సైగలతో దారి చూపమను. ఒక్కడే చూపాలి, నలుగురు నాలుగు రకాలుగా అరవొద్దు. ఎదురుగా బండి వస్తే ఎక్కేవాడికి దారివ్వాలి. దిగి చూసినాక మనసు ఒప్పుకోకపోతే వెనక్కి తిప్పు. నేను ఆ 14 ఏళ్లలో ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు, ఏ అతిథీ నన్ను తక్కువ చేసి చూడలేదు.

సామాన్లు: మనిషికి ఐదు లీటర్ల నీళ్లు, ఇంకో క్యాను అదనం. కొండలో బంకులుండవు, కింద అవాబీలోనో రుస్తాక్‌లోనో ట్యాంకు నింపు. అక్కడే రోడ్డెట్లా ఉందో అడుగు, ప్రతి వానకూ అది మారుతుంది. రగ్గులు పెట్టుకో, పైన చలి కొరుకుతుంది. లోయలో సిగ్నల్ ఉండదు, దారి ముందే ఫోన్లో దించుకో. ఆపదకు నంబరు 9999.

దారిలో బిలాద్ సైత్ అనే ఊరు తప్పకుండా చూడు. దానికి ముందు, ఇరుకు లోయ నడుమ, ఎవరో తెచ్చి పరిచినట్టు పచ్చని ఫుట్‌బాల్ మైదానం కనిపిస్తుంది. మొదటిసారి చూసి నేను బండి ఆపేశాను. ఊరి బయటే బండి పెట్టి నడిచి పొండి. ఆడవాళ్ల ఫొటోలు తీయొద్దు, నిక్కర్లతో పోవద్దు. ఎవరైనా ఖర్జూరం, కహ్వా అనే వాళ్ల కాఫీ ఇస్తే కుడి చేత్తో తీసుకో. చాలనుకుంటే కప్పును కొద్దిగా ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. అక్కడి కాలువను ఫలజ్ అంటారు. ఒమన్ ఫలజ్‌లలో ఐదింటిని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మన చెరువు కింద నీరటికాడు వంతులు పెట్టినట్టే, అక్కడ అరీఫ్ అనే మనిషి పొలానికింత సేపని నీళ్లు పంచుతాడు. వెనకటికి పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్క కట్టేవాళ్లు. ఒక ముసలి అరీఫ్ నాకు అదంతా ఓపిగ్గా చూపిస్తుంటే మన ఊరి తూము దగ్గర కూర్చున్నట్టే అనిపించింది. ఆ నీళ్లలో సబ్బుతో చేతులు కడగకండి, కింద ఒకరు అవి తాగుతారు.

బయలుదేరే ముందు ఏ దారిన పోతున్నావో, ఎన్ని గంటలకు అల్ హమ్రా చేరతావో మస్కట్‌లో ఒకరికి రాసిచ్చి పో. చేరగానే ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్యి, తర్వాత నాకు. ఆ ఫుట్‌బాల్ మైదానం ఫొటో తీసి పంపు.

నీ మామ