ఆరోగ్య కేంద్రం భవనం మధ్యలోనే ఎందుకు ఆగిపోతుంది?

శంకుస్థాపన జరిగి, పిల్లర్లు లేచాక సామాజిక ఆరోగ్య కేంద్రం పని ఎందుకు ఆగిపోతుందని అడిగారు. స్థల వివాదాలు కొన్ని ఉంటాయి కానీ, పిల్లర్లు లేచాక ఆగిందంటే చాలాసార్లు చిక్కు బిల్లుల దగ్గరే. జాతీయ ఆరోగ్య మిషన్ నిధుల్లో తెలుగు రాష్ట్రాలకు కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఏ వాటా ఆలస్యమైనా, ఇంజనీరు కొలతల పుస్తకంలో నమోదు చేసిన పనికి కూడా డబ్బు రాదు. కాంట్రాక్టరు కూలీలను వేరే చోటికి తరలిస్తాడు. ఈలోగా సిమెంటు, ఇనుము ధరలు పెరిగి పాత అంచనా గిట్టుబాటు కాదు. సవరించిన అంచనాకు మళ్లీ అనుమతి కావాలి, ఒక్కోసారి మళ్లీ టెండరు. అప్పటికి స్లాబు కోసం వదిలిన చువ్వలు తుప్పు పట్టి ఉంటాయి.

సామాజిక ఆరోగ్య కేంద్రం అంటే మైదాన ప్రాంతంలో సుమారు 1,20,000 మందికి ఉండే 30 పడకల ఆసుపత్రి. ఇది లేకపోతే కాన్పు కష్టమైన తల్లి జిల్లా ఆసుపత్రి దాకా పోవాలి. ఇది సహించదగిన ఆలస్యం కాదు.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ‘ఎందుకు ఆలస్యం’ అని అడగకండి, దానికి తప్పించుకునే జవాబు వస్తుంది. పరిపాలనా అనుమతి ఉత్తర్వు, ఒప్పందంలోని గడువు, కొలతల పుస్తకం, చెల్లించిన బిల్లుల నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే మొదటి అప్పీలు చేయవచ్చు.