సందేహాలు – సమాధానాలు: ‘కుట్టిచ్చింది’ అంటే కుట్టిందా, కుట్టించిందా?

సందేహం: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మకు 80 ఏళ్లు నిండాయని అందరం కలిసి ఒక చిన్న పుస్తకం వేసుకున్నాం. అందులో నేను ‘దసరాకు మా అమ్మ మా నలుగురికీ లంగాలు, అంగీలు కుట్టిచ్చేది’ అని రాశాను. ప్రూఫులు దిద్దినాయన దాన్ని ‘కుట్టించేది’ అని మార్చారు. అచ్చయినంక చూసి అమ్మ, ‘మేరాయనకు పైసలిచ్చి కుట్టిపిచ్చినట్టు రాసినవేందే’ అంది. ఇద్దరిలో ఎవరు రాసింది ఒప్పు? ఇంకో సంగతి. అమ్మ ఇప్పుడు మునిమనవరాలికి ఊలుతో స్వెటర్ చేస్తోంది. కొందరు కుడుతోంది అంటారు, కొందరు అల్లుతోంది అంటారు, మా అల్లుడు నేస్తోంది అంటాడు. ఏది సరైనది? అట్లాగే గుండీ, బొత్తాం – వీటిలో ఏది అసలు తెలుగు?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం: మీ అమ్మగారి అభ్యంతరం న్యాయమైనదే. మీరు రాసిన మాటలో తప్పు లేదు. దిద్దినాయన కూడా మంచి ఉద్దేశంతోనే దిద్ది ఉంటారు. కానీ ఆ దిద్దుబాటుతో కుట్టిన మనిషే మారిపోయింది.

మీ వైపు వినిపించే ‘కుట్టిచ్చింది’ ఒక మాట కాదు, రెండు. అవి వేరువేరు దారుల్లో వచ్చి ఒకే రూపంలో కలిశాయి. మొదటిది ‘కుట్టి ఇచ్చింది’. తన చేత్తో కుట్టి, ఆ బట్ట మనకు ఇచ్చింది. రెండు పనులూ ఆమెవే. రెండోది ‘కుట్టించింది’. అంటే కుట్టినవారు వేరే, పురమాయించింది ఆమె. దీన్ని వ్యాకరణంలో ప్రేరణక్రియ అంటారు. పురమాయించినవారు ప్రయోజక కర్త, నిజంగా సూది పట్టినవారు ప్రయోజ్య కర్త.

ఈ రెండూ ఎట్లా కలిశాయో చూడండి. నల్లగొండ, పాలమూరు పలుకుబడిలో పొడుగాటి క్రియల చివర ఉండే ‘ఇంచు’లోని సున్న జారిపోయి, వెనుక ఉన్న చకారం ఒత్తు పలుకుతుంది. చూపించిండు అనేది చూపిచ్చిండు అవుతుంది. సంపాదించిండు అనేది సంపాయిచ్చిండు అవుతుంది. సంపాయిచ్చిన మనిషి ఎవరికీ ఏమీ ఇయ్యకపోవచ్చు. అక్కడ కనిపించే ‘ఇచ్చు’కు, ఇవ్వడానికి సంబంధమే లేదు. అదే దించిండు, పంచిండు, మించింది వంటి చిన్న క్రియల్లో సున్న అట్లాగే నిలబడింది. ‘మూట దిచ్చిండు’ అని ఎవరూ అనరు. అంటే ఈ మార్పు ధాతువులో (క్రియ మూలరూపంలో) భాగమైన ‘ంచు’ జోలికి పోలేదు, వెనుక వచ్చి చేరిన ‘ఇంచు’నే పట్టుకుంది. ఇది ఒక్క తెలంగాణ సంగతి కూడా కాదు, రాయలసీమలోనూ ‘చేపిచ్చినాను’ వినిపిస్తుంది.

తెలంగాణలో ఈ మార్పు ఇంకొంచెం ముందుకు పోయింది. రూపం ‘ఇచ్చు’ లాగా అయినంక, తక్కిన రూపాలన్నీ కూడా ‘ఇచ్చు’ వెంటే నడిచాయి. ‘పోరనికి తినిపియ్యి’, ‘మా నాయిన నన్ను సదివియ్యలే’, ‘ఇల్లు కట్టియ్యాలె’ – ఇవన్నీ ప్రేరణలే. కానీ ‘పైసలియ్యి’, ‘పైసలియ్యలే’, ‘పైసలియ్యాలె’ అన్నట్టే పలుకుతాయి.

మీ ప్రూఫుల ఆయన ఆలోచన నాకు అర్థమవుతుంది. తెలంగాణ మాటను పుస్తక భాషలోకి మార్చేవారు ‘ఇచ్చింది’ కనబడగానే ‘ఇంచింది’ చేస్తారు. చాలాసార్లు అది సరిపోతుంది. ‘బోరు వేయిచ్చిన’ను ‘బోరు వేయించాను’ అంటే ఏ గొడవా లేదు. ఎవరి బోరు వారే చేతులతో తవ్వుకోరు కదా! కానీ కుట్టు దగ్గర ఆగి, ఎవరు కుట్టారని అడగాలి. ఆ పుస్తకం ఎవరి గురించో తెలిసి కూడా అడగకపోవడమే పొరపాటు.

అన్ని క్రియలకూ ఈ తిప్పలు లేవు. చేయు, నేయు, కోయు, రాయు వంటివి తప్పించుకున్నాయి, ఎందుకంటే వాటి భూతకాల రూపంలో సకారం వస్తుంది. చేనేత ఊరైన పుట్టపాకలో ‘చీర నేసిచ్చిండు’ అంటే మగ్గం గుంటలో కూర్చున్న మనిషి. ‘నేపిచ్చిండు’ అంటే నూలు, రంగులు ఇచ్చి కూలికి నేయించిన ఆసామి. అక్కడ ఆ తేడా పొట్టకూటికి సంబంధించింది, ఎవరూ పొరపాటు పడరు. కుట్టు, అల్లు, కట్టు, వండు మాత్రం చివర ‘ఇ’ చేర్చుకుని ఊరుకుంటాయి: కుట్టి, అల్లి, కట్టి, వండి. వీటికి ‘ఇచ్చింది’ తగిలితే రెండు అర్థాలూ ఒకేచోట పడతాయి.

ఇది విని కోస్తా మిత్రులు మురిసిపోనక్కర లేదు. ‘రేపు నీకు జాకెట్ కుట్టిస్తా’ అన్న వాక్యం చూడండి. మిషన్ ముందు కూర్చున్నామె అంటే కుట్టి ఇస్తుంది. బట్టల దుకాణంలో నిలబడిన అత్త అంటే కూలి ఇచ్చి కుట్టిస్తుంది. భవిష్యత్తుకు వచ్చేసరికి పుస్తక భాషలోనూ తేడా మాయమైంది.

చిత్రమేమిటంటే, ఇక్కడ పాత వ్యాకరణం మీ అమ్మగారి పక్షాన ఉంది. కుట్టి, వచ్చి, తెచ్చి వంటి రూపాలను క్త్వార్థకాలంటారు. వాటి చివరి ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. ఆ లెక్కన ‘కుట్టి’, ‘ఇచ్చెను’ కలిసి ‘కుట్టిచ్చెను’ కారాదు. మధ్యలో యకారం వచ్చి ‘కుట్టియిచ్చెను’ అని నిలవాలి. బడిలో ఈ సూత్రం బట్టీ పట్టినప్పుడు దీనితో ఏం పని అనిపిస్తుంది. నిజంగా అక్కరకు వచ్చే చోటు ఇదిగో. నోటిమాట సూత్రాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవాలని నేనూ అనను. కానీ రాతలో ఆ రెండు మాటలను విడదీసి పెడితే సందేహమే రాదు.

రాత సంగతి సరే, మాటలో ఎట్లా తెలుస్తుంది? జనం దానికి ఉపాయాలు ఎప్పుడో కనిపెట్టుకున్నారు. మీ అమ్మగారి మాటలోనే ఒకటుంది: ‘కుట్టిపిచ్చినట్టు’. ఆ ‘పి’ వచ్చిందంటే పని ఇంకొకరిది. అర్థం కలిసిపోయిన చోట భాష ఇంకో అక్షరం అరువు తెచ్చుకుని విడదీసుకుంది. కట్టిపిచ్చిండు, కొట్టిపిచ్చిండు కూడా ఇట్లాంటివే. దిద్దేవారికి ఇవి మోటుగా కనిపిస్తాయేమో గాని, ‘కుట్టించు’ కంటే ఇక్కడ ‘కుట్టిపిచ్చు’కే స్పష్టత ఎక్కువ. ఇంకో గుర్తు ‘తోని’. ‘మేరాయనతోని కుట్టిచ్చింది’ అంటే ప్రేరణే, అనుమానం లేదు. (తెలియని పిల్లల కోసం: కుట్టుపని కులవృత్తిగా చేసేవారు మేరవాళ్లు. దర్జీ ఫారసీ నుంచి వచ్చిన మాట, టైలర్ ఇంగ్లిష్ నుంచి.)

పరీక్ష కావాలంటే మధ్యలో ఒక మాట దూర్చి చూడండి. ‘కుట్టి చేతికి ఇచ్చింది’, ‘కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది’ – కుదిరిందంటే అవి రెండు మాటలు. ప్రేరణలో అట్లా ఏదీ దూరదు. ఇంకొకటి, ‘కొను’ చేర్చండి. ‘జాకెట్ కుట్టుకున్న’ అంటే నాకు నేనే కుట్టుకున్నాను. ‘కుట్టిచ్చుకున్న’ అంటే తప్పకుండా వేరేవారు కుట్టారు. కొను వచ్చిన చోట ఇవ్వడమనే అర్థం నిలవదు, ఫలం తనకే చేరుతుంది కనుక.

మన క్రియలు ఎవరు చేశారన్నదే కాక ఎవరి కోసం చేశారన్నది కూడా మోస్తాయి. కుట్టుకుంది, తన కోసం. కుట్టి ఇచ్చింది, మన కోసం. కుట్టిపెట్టింది, అడిగితే కాదనకుండా సాయంగా. పక్కింటామె ఊడిన అంచు తెచ్చి ‘జర కుట్టిపెట్టు’ అంటుంది. ఇంటి పిల్లలకు పండుగ బట్టల విషయంలో ఆ ‘పెట్టు’ అంతగా వినబడదు. సొంతవాళ్లకు చేసేదాన్ని సాయమనరు మరి. అందుకే ‘మా నలుగురికీ కుట్టేది’ అని రాయడం తప్పు కాకపోయినా, ‘కుట్టి ఇచ్చేది’ అన్నప్పుడు తీసుకున్న చేతులు కూడా కనబడతాయని నా అభిప్రాయం.

ఇంకో విశేషం. ఇల్లు దగ్గర తెలుగు ఇంత పట్టింపుగా ఉండదు. ‘ఆయన నల్లగొండల ఇల్లు కట్టిండు’ అంటాం, ఆయన ఒక్క ఇటుకైనా ఎత్తి ఉండడు. చార్మినార్‌ను 1591లో కులీ కుతుబ్‌షా కట్టాడని పిల్లలు పరీక్షలో రాస్తారు, మార్కులూ పడతాయి. బట్టల దగ్గర ఆ చనువు లేదు. షేర్వానీ కుట్టించుకున్న పెళ్లికొడుకు ‘కుట్టిన’ అన్నాడంటే అతను టైలర్ అనుకుంటారు. కుట్టు ఇంట్లో జరిగే పని. ఎవరు చేశారో అందరికీ తెలుస్తుంది కనుకనే ఈ పట్టింపు ఏర్పడిందేమో.

ఆ పుస్తకం మళ్లీ అచ్చు వేస్తే ‘కుట్టి ఇచ్చేది’ అని విడదీయండి. మొత్తం మీ యాసలోనే ఉంచదలిస్తే ‘కుట్టిచ్చేది’ అనే ఉంచండి, టైలర్ ప్రస్తావన వచ్చిన చోట ‘కుట్టిపిచ్చేది’ వాడండి. ఆ పేజీలు దిద్దేవారికి ముందే చెప్పి పెట్టండి.

ఇక స్వెటర్. అల్లడమే సరైనది. కుట్టాలంటే ముందే సిద్ధంగా ఉన్న ముక్కలు కావాలి, వాటిని సూదీ దారంతో కలపాలి. మోదుగాకులను పుల్లలతో కలిపి విస్తరి చేసినా దాన్ని కుట్టడమనే అంటాం. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడతాం. ఉన్న బట్ట మీద పూలు వేసే గొలుసుకుట్టు, కాడకుట్టు కూడా కుట్లే. అల్లికకు ముందు బట్ట ఉండదు. తీగనో దారాన్నో మెలిపెడుతూ పోతుంటే వస్తువు పుడుతుంది: బుట్ట, తడక, నులక మంచం, లేసు, స్వెటర్. పత్రికలూ శిక్షణ కేంద్రాలూ వాడే ‘కుట్లు–అల్లికలు’ అనే జంటలో రెండు మాటలు ఉన్నది ఇందుకే. పెద్దన కవిత్వాన్ని ‘అల్లసానివారి అల్లిక జిగిబిగి’ అన్నారంటే అక్కడ కూడా ముందున్న ముక్కలు అతికించడం కాదు కదా.

నేయాలంటే మగ్గం ఉండాలి, నిలువున పడుగు, అడ్డంగా పేక ఉండాలి. స్వెటర్‌లో ఈ రెండూ లేవు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదానిలోంచి ఒకటి పోతుంది. ఒక కొస దొరికితే లాగి మొత్తం విప్పేయవచ్చు. నేసిన చీర అట్లా విప్పబడదు. బనీను బట్ట కూడా యంత్రం మీద అల్లిందే, అందుకే సాగుతుంది.

మీ అల్లుడు నేస్తోంది అనడానికి కారణం ఉన్ని అయి ఉంటుంది. ఉన్నితో చేసే గొంగడిని నేస్తారనే అంటాం మరి! కానీ గొంగడికి ఆ క్రియ వచ్చింది ఉన్నిని బట్టి కాదు, మగ్గాన్ని బట్టి. మన వైపు కురుమలు నల్ల గొర్రెల ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద పట్టెలుగా నేస్తారు. తర్వాత ఆ పట్టెలను కలిపి కుడతారు. ఒకే గొంగడిలో నేతా ఉంది, కుట్టూ ఉంది, అల్లిక మాత్రం లేదు. స్వెటర్‌లో అల్లికా కుట్టూ ఉంటాయి: చేతులు, ముందు భాగం, వెనుక భాగం వేరువేరుగా అల్లి చివరికి సూదితో కలుపుతారు. కనుక కుడుతోంది అన్నవారు ఆఖరి రోజు చూసి అన్నారనుకుందాం. నేస్తోంది అన్న మాటకే ఏ రోజూ ఆధారం లేదు. (ఊలు ఇంగ్లిష్ నుంచి వచ్చింది, ఉన్ని సంస్కృతం ఊర్ణ నుంచి. ఇప్పుడు గొర్రె మీద ఉన్నది ఉన్ని, దుకాణంలో ఉండలుగా అమ్మేది ఊలు అయింది. ఆ ఊలులో చాలా రకాలకు గొర్రెతో చుట్టరికమే లేదు.)

గుండీ, బొత్తాం – రెండూ బయటి నుంచి వచ్చినవే. గుండీ ఉర్దూ ద్వారా తెలంగాణలో స్థిరపడింది. బొత్తాం పోర్చుగీసుల ‘బొతావ్’ నుంచి తీరప్రాంతాల మీదుగా వచ్చింది. కనుక గుండీని కొట్టేసి బొత్తాం అని దిద్దితే ఒక అతిథిని పంపి ఇంకో అతిథిని కూర్చోబెట్టడమే అవుతుంది, ఇంటి మాట రాదు. మీరు గుండీ అనే రాయండి. ఆ గుండీ పట్టే కాజా కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందే. వాళ్ల భాషలో ‘కాజ’ అంటే ఇల్లు, బొత్తాం పట్టే కంతను కూడా అదే మాటతో పిలుస్తారు. తినే కాజాకు దీనితో సంబంధం లేదు.