క్రీట్‌లో దెయ్యాల కోట దగ్గర తెల్లారుజామున కూర్చుంటే

గ్రీస్‌లో క్రీట్ దీవి మీద ఫ్రాంగోకాస్టెల్లో అనే పాడుబడ్డ కోట ఉంది, మే నెలాఖర్లో తెల్లారేటప్పుడు అక్కడ చచ్చిపోయిన సైనికుల నీడలు నడుస్తాయంట, నిజమేనా అని అడిగారు కదా. నేను వెళ్లొచ్చా. నాకైతే ఏమీ కనపడలా.

మా మామగారు నరసరావుపేట నుంచి మా దగ్గరికి జర్మనీ వచ్చినప్పుడు అందరం కలిసి వెళ్లాం. కారు అద్దెకి తీసుకున్నాం, ఆ కొండ మలుపులు చూస్తే మ్యాప్‌లో చూపించే టైముకి ఇంకో ముప్పావుగంట కలుపుకోవాల్సిందే, పైగా కారు మీద ముందునుంచీ ఉన్న గీతకి కూడా మా దగ్గర డబ్బులు గుంజారు, అది వేరే ఏడుపు. పేరు వినగానే మామగారు "ఫ్రాంగో అంటే మన ఫిరంగేనా?" అన్నారు. నేను నవ్వా గానీ ఆయన చెప్పింది కరెక్టే. పడమటి యూరప్ వాళ్లని పిలిచే ఫ్రాంకులు అనే మాటే అరబ్బులు, పర్షియన్ల నోట్లో నలిగి ఫరంగీ అయి మన దాకా వచ్చింది, మనం తెల్లోళ్లని పరంగులన్నాం, వాళ్ల పెద్ద గుండ్ల తుపాకీని ఫిరంగి అన్నాం. అక్కడ కూడా అంతే, 1371లో వెనిస్ వాళ్లు కట్టడం మొదలుపెట్టి సెయింట్ నికితాస్ పేరు పెడితే ఊరోళ్లు ఆ పేరు పలకనే లేదు, పరంగోళ్ల కోట అన్నారు, అదే నిలబడింది. పగలు కట్టిన గోడని పాట్సోస్ అన్నదమ్ములు ఆరుగురు రాత్రికి కూల్చేసేవాళ్లని, వాళ్లని ఉరి తీశాకే కోట పూర్తయిందని అక్కడ కథ చెప్తారు.

సరే, పొద్దున్నే నాలుగున్నరకి లేచి ఇసకలో కూర్చున్నాం. సముద్రం చెరువులా ఉంది, వెనక తెల్లకొండలు, మధ్యలో నాలుగు బురుజులు, లోపల కప్పు లేదు. గాలి లేకుండా తేమ ఉన్నప్పుడే కనిపిస్తారంట, అందుకే ద్రోసులీతెస్ అంటారు, పొద్దుటి మంచు మనుషులు అనుకోండి. ఇంతలో మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. గోడ వెంబడి నల్లటి ఆకారం ఒకటి మెల్లగా పోతోంది. చూస్తే మామగారు, మే నెలలో మంకీ క్యాప్ పెట్టుకుని షుగర్ కోసం వాకింగ్! అవతల కెమెరా స్టాండు వేసుకున్న ఒక జంట ఆయన్నే వీడియో తీస్తున్నారు, అది ఎక్కడో దెయ్యం మ్యూజిక్‌తో తిరుగుతూ ఉంటది.

నా బాధ ఆ వీడియోలతోనే. నీడలు అంటారు గానీ ఎవరి నీడలో చెప్పరు. 1828 మేలో హజీమిహాలిస్ దాలియానిస్ అనే ఆయన, గ్రీస్‌లోనే ఎపిరస్ వైపు ఆయన, టర్కీ వాళ్ల మీద తిరగబడి కొన్ని వందలమందితో ఈ కోటలో దిగాడు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే స్ఫాకియా వాళ్లు బాబూ ఇక్కడొద్దు, కొండల్లోకి రా, అక్కణ్ణుంచి కొడదాం అన్నారు. వినలా. టర్కీ సేనాని ముస్తఫా పాషా వేలమందితో వచ్చి పడ్డాడు, దాలియానిస్‌తో పాటు మూడొందల మంది పైనే పోయారు. అదే సైన్యం తిరిగెళ్తుంటే స్ఫాకియా వాళ్లు కొండ సందుల్లో కాపు కాసి చావగొట్టారు. అంతకుముందు టర్కీ వాళ్ల మీదే తిరగబడ్డ స్ఫాకియా నాయకుడు దస్కలోయానిస్ 1771లో లొంగిపోయింది కూడా ఈ కోటలోనే, తర్వాత క్రీట్‌లోనే ఉన్న ఇరాక్లియో ఊళ్లో ఆయన్ని బతికుండగానే చర్మం ఒలిచారు. మేం విమానం దిగిన హన్యా ఎయిర్‌పోర్టుకి ఆయన పేరే, బోర్డు చూసి ఎవరో మంత్రి అనుకున్నా, సిగ్గేసింది తర్వాత. నన్నడిగితే ఆ కోటని నమ్ముకున్న ఒక్కడూ బాగుపడలా, కొండని నమ్ముకున్నోళ్లే మిగిలారు.

నీడలు లిబియా వైపు నుంచి వచ్చే ఎండమావులని కొందరంటారు, నాకు తెలీదు. మేం దిగిన రూము ఓనరమ్మకి డెబ్భై ఉంటాయి, పుట్టింది అక్కడే, ఎప్పుడైనా చూశావా అమ్మా అని అడిగా. ఆ టైముకి మేకల పాలు పిండుకోవాలి, సముద్రం వైపు ఎవడు చూస్తాడు అంది.