భూటాన్‌లో పర్యాటక రుసుమని మన భారతీయుల దగ్గర కూడా రాత్రికి 1200 రూపాయలు ఎందుకు తీసుకుంటున్నారు? అంత కట్టి వెళ్లడం దండగేనా?

నేను రెండుసార్లు వెళ్లాను. 2018లో స్నేహితులతో, అప్పటికి మనకు ఈ రుసుము లేదు. 2024లో ఇంట్లోవాళ్లతో, పైసాతో సహా కట్టి. దండగ అనను. కట్టేటప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

భారతీయులకు రాత్రికి 1200. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు సగం, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. నేను, మా ఆవిడ, అమ్మ, ఎనిమిదేళ్ల పాప, ఐదు రాత్రులు: మొత్తం 21,000. హోటలు, బండి, తిండి వేరే. లెక్క వినగానే అమ్మ, "ఇదేంట్రా, మూడొందల టికెట్టుకి సాక్షాత్తూ వెంకన్న దర్శనమే అయిపోతుంది, ఇక్కడ ఉత్తినే పడుకోడానికి పన్నెండొందలా!" అంది.

భూటాన్ 1974లో విదేశీ పర్యాటకులకు తలుపు తీసింది, అదీ ఓరగా. డబ్బు ఎక్కువ, జనం తక్కువ అన్నది మొదటినుంచీ వాళ్ల పద్ధతి. మిగతా దేశాలవాళ్లు అప్పట్లో రోజుకింత అని కట్టి రావాల్సి వచ్చేది, అందులో 65 డాలర్లు సర్కారుకు. మనకూ బంగ్లాదేశ్, మాల్దీవులవాళ్లకూ మినహాయింపు ఉండేది. దాంతో 2019 నాటికి ఏడాదికి వచ్చేవాళ్లు మూడు లక్షలు దాటారు, ఎక్కువమంది మనవాళ్లే. దేశ జనాభా చూస్తే ఎనిమిది లక్షలు కూడా లేదు!

ఆ రద్దీలో నేనూ ఉన్నాను. దోచులా కనుమ దగ్గర 108 స్తూపాలుంటాయి. 2018లో అక్కడ జీపులు, బైకులు, హారన్లు. మాలో ఒకడు ఫొటో కోసం స్తూపం గట్టెక్కి కూర్చున్నాడు. జపమాల తిప్పుకుంటున్న ఒక ముసలావిడ ఏమీ అనకుండా, దిగమని చేత్తో సైగ చేసింది. ఆ చెయ్యి నాకింకా గుర్తే.

మన మినహాయింపు తీసేస్తూ 2020లో చట్టం చేశారు. కరోనా వల్ల అమలు 2022 సెప్టెంబరులో మొదలైంది. అక్కడ సొంత ప్రజలకు వైద్యం ఉచితం, పదో తరగతి దాకా చదువూ ఉచితమే. రోడ్లు అరగదీసి, చెత్త పోసి వెళ్లేవాళ్ల ఖర్చు కూడా వాళ్లే ఎందుకు మొయ్యాలి? ఈ వాదన నాకు సబబుగానే తోచింది.

అయితే అన్నీ సరిగ్గా లెక్కేశారని కాదు. మిగతా విదేశీయులకు ఒకేసారి 200 డాలర్లు చేశారు. అది అత్యాశే అని నా అభిప్రాయం. ఏడాది తిరక్కుండానే 100కి దించారు, 2027 ఆగస్టు దాకా అదే. పారోలో మేం దిగిన హోటలాయన సగం గదులు ఖాళీ అని వాపోయాడు. పనిచేసే కుర్రాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోయారట.

నాకు నచ్చింది రుసుము కన్నా, వద్దు అనగలిగిన తెగువ. దేశంలో 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పర్వతారోహణను 2003లో పూర్తిగా ఆపేశారు. 7,570 మీటర్ల గాంఖర్ పుయెన్సుమ్ శిఖరాన్ని ఇప్పటికీ ఎవరూ ఎక్కలేదు. పక్కన నేపాల్ ఎవరెస్టు పర్మిట్లమీద ఎంత సంపాదిస్తోందో వీళ్లకు తెలియక కాదు. శిఖరాలు దేవతల నివాసమని అక్కడివాళ్ల నమ్మకం. శేషాచలానికి తాళ్లు కట్టి ఎక్కి జెండా పాతుతామంటే మనం ఊరుకుంటామా?

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. డబ్బున్నవాడికి ఈ 1200 ఒక లెక్క కాదు. 2018లో చేతిలో అంతంతమాత్రంగా ఉన్న మా బ్యాచ్ అయితే సరిహద్దు దగ్గర్నుంచే వెనక్కి తిరిగేది. స్తూపమెక్కినవాణ్ణి ఆపాల్సిందే, కానీ కిందే నిలబడి దణ్ణం పెట్టుకున్న మిగతా నలుగురూ ఆగిపోతారు కదా. అలాగని గేటు బార్లా తెరిస్తే ఏమవుతుందో చలికాలంలో ఆదివారం పొద్దున లంబసింగి వెళ్లి, రోడ్డు పక్కన సీసాలూ ప్లేట్లూ చూస్తే తెలుస్తుంది.

వెళ్లేట్టయితే పాస్‌పోర్టో ఓటరు కార్డో పెట్టుకోండి, ఆధార్ పనికిరాదు. పిల్లలకు జనన ధ్రువపత్రం కావాలి. పాపది ఇంట్లో మర్చిపోయి సిలిగురి దాకా వెళ్లాక, మా తమ్ముడితో బీరువా తాళం పగలగొట్టించి మరీ తెప్పించుకున్నాం.