పెట్టె మూసి లైన్ చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన చేపల ఎరల పెట్టె ఫోటో పెద్దది చేసి మరీ లెక్కపెట్టాను. 46 ఉన్నాయి. కప్పలున్నాయి, తోకాడించేవి ఉన్నాయి, గలగలలాడేవి ఉన్నాయి, ఒకటైతే ఏకంగా బాతుపిల్ల. ఫోటో కింద మాత్రం నాలుగు వారాల్లో పడింది ఒక్క చేపేననీ, అదీ తెంచుకుపోయిందనీ రాశావు. జబ్బేమిటో ఆ ఫోటోలోనే ఉందిరా. పది నిమిషాలకొక ఎర మారుస్తూ పొద్దంతా ముడులేసుకుంటూ కూర్చుని ఉంటావు. ఎర నీళ్ళలో కంటే నీ ఒళ్ళోనే ఎక్కువసేపు ఉంది.

1932లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ అనే రైతు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు, అదే నువ్వు వెంటపడుతున్న మంచినీటి చేప. ఆ రోజు ఆయనా ఆయన స్నేహితుడూ ఒకే రాడ్ (గాలం కర్ర), ఒకే ఎర పెట్టుకుని వంతులేసుకుని విసిరారని చెబుతారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దాదాపు అంతే బరువున్నది ఇంకొకటి పడేదాకా ఆ రికార్డుకు సాటి రాలేదు. నిన్ను ఒకటే ఎర పెట్టుకోమని అనను కానీ, నాలుగు చాలు.

ముందు రాడ్ సంగతి. 7 అడుగుల స్పిన్నింగ్ రాడ్, మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్, దానికి 2500 సైజు రీల్, అంటే లైన్ (గాలం దారం) చుట్టుకునే చక్రం. పవర్ అంటే కర్ర ఎంత బలానికి వంగుతుందన్నది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ అయితే కొస దగ్గరే వంగి మిగతాది బిగువుగా ఉంటుంది. కింద రాయి తగిలినా, చేప ముట్టినా చేతికి తెలిసేది అందుకే.

బెయిట్‌కాస్టర్ మీద, అదే విసిరేటప్పుడు తనూ గిర్రున తిరిగే రీల్ మీద, మనసు పడ్డావని తెలుసు. నేనూ పడ్డాను. కొన్న మర్నాడే, ఇంకా తెల్లవారకముందే, ఎదురుగాలిలోకి బలమంతా పెట్టి విసిరాను. ఎర పది గజాల్లో చప్పున పడింది, స్పూల్, అంటే లైన్ చుట్టిన కండె, మాత్రం తిరుగుతూనే ఉంది. లైన్ అంతా గుట్టగా పైకి లేచింది. తలకు లైటు కట్టుకుని ఆ చిక్కు విప్పుతుంటే నా కళ్ళ ముందే బాస్‌లు నీళ్ళు చిమ్ముతూ వేటాడుకుంటున్నాయి. చిక్కు తీరేసరికి ఎండ వచ్చేసింది, అవి వెళ్ళిపోయాయి. నువ్వు కొంటే ముందు ఖాళీ మైదానంలో అలవాటు చేసుకో. బటన్ నొక్కి వదిలితే ఎర మెల్లగా దిగాలి, నేల తాకగానే స్పూల్ ఆగిపోవాలి, రీల్ పక్కనున్న గుండ్రటి మర అంతవరకు బిగించు. విసిరాక బొటనవేలు స్పూల్‌ని తాకీ తాకనట్టు ఉండాలి. ఈ ఏడాదికి మాత్రం స్పిన్నింగే నయం.

లైన్ విషయంలో పిసినారితనం వద్దు. రీల్ మీద 15 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన లైన్), దాని కొసకి ఆరేడు అడుగుల 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (ఒంటిపోగు పారదర్శక లైన్). బ్రెయిడ్ సాగదు, చిన్న కదలికైనా చేతికి చేరుస్తుంది. కానీ నీళ్ళలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫ్లోరోకార్బన్ అంతగా కనిపించదు, రాళ్ళ రాపిడికీ బాగా తట్టుకుంటుంది. స్పూల్ మీద అడుగున కొంచెం మామూలు నైలాన్ చుట్టి ఆపైన బ్రెయిడ్ చుట్టు. లేకపోతే బ్రెయిడ్ మొత్తం స్పూల్ మీద జారి గిర్రున తిరుగుతుంది, డ్రాగ్ (చేప లాగితే లైన్‌ని కొంచెం కొంచెంగా వదిలే రీల్ బ్రేకు) పాడైందని నువ్వు కంగారు పడతావు.

ఇక నీ తెగిన చేప. ఆ రోజు లైన్ కొస చూశావా? పందితోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారిపోయిందన్నమాట, తప్పు నీదే. గరుగ్గా, పీచులేచి ఉంటే రాయికో మొద్దుకో ఒరుసుకుని తెగింది. పొడి ముడిని ఒక్కసారిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి ఫ్లోరోకార్బన్ అక్కడే బలం కోల్పోతుంది. ఉమ్మి తడి చేసి, మెల్లగా బిగించు. హుక్ కట్టే పాలోమార్ ముడి ఒక్కటి కళ్ళు మూసుకుని వేసేలా నేర్చుకో. చేప పడ్డ ప్రతిసారీ ఆఖరి రెండడుగుల లైన్‌ని వేళ్ళ మధ్య లాగి చూడు, గరుకు తగిలితే కోసేసి మళ్ళీ కట్టు. డ్రాగ్ కూడా చూసుకో. 10 పౌండ్ల లైన్‌కి రెండున్నర, మూడు పౌండ్ల లాగుడుకే లైన్ జారాలి. సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు కట్టి లాగితే తెలిసిపోతుంది.

ఎరల్లో మొదటిది, నా లెక్కలో సగం పని చేసేది, 5 అంగుళాల మెత్తటి ప్లాస్టిక్ పురుగు. సెంకో అని అడిగితే ఇస్తారు. నీళ్ళు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ రంగు, బురదగా ఉంటే నలుపూ నీలమూ కలిసింది. ఇంతకు మించి రంగుల గురించి బుర్ర పాడుచేసుకోకు. సరిగ్గా నడుం దగ్గర హుక్ గుచ్చు. దీన్నే వాకీ రిగ్ అంటారు. దీన్ని లాగడం కాదు, వదిలెయ్యడమే పని. ఆ ప్లాస్టిక్‌లో ఉప్పు కలుపుతారు కాబట్టి బరువుగా మునుగుతుంది, మునిగేటప్పుడు రెండు కొసలూ సన్నగా వణుకుతాయి. బాస్‌కి ఆ వణుకే కావాలి.

డాక్ (పడవలు కట్టే చెక్క వేదిక) నీడ అంచునో, నాచు గట్టు పక్కనో పడేలా విసురు. పడగానే లైన్ బిగించకు, కాస్త వదులుగా నీళ్ళ మీద పడుకోనివ్వు. ఇప్పుడు ఎర సంగతి మర్చిపోయి లైన్ నీళ్ళను తాకే చోట చూపు నిలుపు. ఒకటి, రెండు అని లెక్కపెట్టు. ఆ చోట అడుగుకి చేరడానికి ఎనిమిది లెక్క పడుతుందనుకో. నాలుగుకే లైన్ ఆగిపోతే మధ్యలో దేని నోట్లోనో ఉందన్నమాట. ఒక్కోసారి లైన్ చిన్నగా ఉలిక్కిపడుతుంది. ఒక్కోసారి గాలి లేకపోయినా చీమ నడిచినట్టు పక్కకి జరుగుతుంది. చేతికి ఏమీ తెలియదు. బాస్ ఎరని కరవదు, నీళ్ళతోపాటు గుటుక్కున లోపలికి పీల్చుకుంటుంది, నచ్చకపోతే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. ‘ముట్టనే ముట్టలేద’ని నువ్వు రాసిన రోజుల్లో ఎన్ని ముట్టి వదిలేశాయో.

నాచు, కొమ్మలు దట్టంగా ఉంటే టెక్సాస్ రిగ్‌కి మారు. అదే పురుగుకి 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ (మెడ దగ్గర వంపున్నది), మొన ప్లాస్టిక్ లోపలే దాగి ఉండాలి, ముందు 1/8 ఔన్సు బుల్లెట్ వెయిట్ (తూటా ఆకారపు గుండు). సీసం కంటే టంగ్‌స్టన్ మంచిది. అదే బరువుకి చిన్నగా ఉంటుంది, అడుగున రాయో మట్టో స్పష్టంగా చెబుతుంది. పైగా న్యూ హాంప్‌షైర్ లాంటి రాష్ట్రాల్లో చిన్న సీసపు గుండ్లు వాడనివ్వరు. లైసెన్స్ తీసుకునేటప్పుడు ఆ నిబంధనలు కూడా చదువు. దీనికి చేప ముట్టినట్టు తోస్తే రాడ్ కొస కిందికి దించి, వదులు లైన్‌ని చుట్టేసి, అప్పుడు గట్టిగా పైకి లాగు. వదులు మీద లాగితే ఆ ఊపంతా గాలికే పోతుంది.

మిగతా రెండూ తొందరగా చెప్పేస్తాను. గాలి, మబ్బు, కొంచెం కలకబారిన నీళ్ళు ఉన్న రోజు 3/8 ఔన్సు స్పిన్నర్‌బెయిట్, అదే తళతళ తిరిగే రేకులున్న ఎర. గాలి ఏ గట్టుకి కొడుతుందో ఆ గట్టునే విసురు, చిన్న చేపలు అటు చేరతాయి, వాటి వెనకే బాస్. దాన్ని మొద్దులకి తగిలించుకుంటూ లాగు, చాలాసార్లు తగిలి పక్కకి తప్పుకునే క్షణంలోనే పడుతుంది. ఇక తెల్లవారుజామున, నీళ్ళు అద్దంలా ఉంటే పాపర్, అదే నీళ్ళ మీద తేలుతూ కుదిపితే చప్పుడు చేసే ఎర. రెండు కుదుపులు, ఆపు. అలలు చెదిరిపోయేదాకా ఆపు. నీళ్ళు భళ్ళుమన్నాయని లాగేస్తే ఎర నీ మొహం మీదికే వస్తుంది. బరువు చేతికి తెలిసాకే లాగాలి. నాకు ఇప్పటికీ ఇది పూర్తిగా చేతకాదు. మీ అత్తయ్యకి చేతనవును, ఆమెకి కంగారు లేదు.

కప్ప ఎరలు ప్రస్తుతానికి పెట్టెలోనే ఉంచు. వాటికి లావు రాడ్, 50 పౌండ్ల బ్రెయిడ్ ఉండాలి. నీ రాడ్‌తో దట్టమైన నాచులోంచి చేపని లాగలేవు.

వసంతంలో నీళ్ళు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంటే బాస్ గట్టు దగ్గర గుడ్లు పెడుతుంది, మగది గూడు కాస్తుంది. అప్పుడు పట్టినదాన్ని వెంటనే అక్కడే వదిలెయ్. చేతులు తడిచేసుకుని పట్టుకో, పెద్దదైతే కింది దవడ ఒక్కటే పట్టి అడ్డంగా వేలాడదీయకుండా పొట్ట కింద రెండో చెయ్యి పెట్టు. చిరిగిన ప్లాస్టిక్ పురుగుల్ని నీళ్ళలో పారేయకు, జేబులో వేసుకురా. వేర్వేరు రకాల ప్లాస్టిక్ ఎరలు ఒకే అరలో వేసినా కరిగి ముద్దవుతాయి, నీ ఫోటోలో మూల ఉన్న ఎర్రటి ముద్ద అదే అనుకుంటా.

ఈ ఆదివారం సెంకో పాకెట్ ఒక్కటే తీసుకెళ్ళు, మిగతా పెట్టె కారులోనే ఉండనీ. మళ్ళీ చేప తెంచుకుపోతే పెట్టె ఫోటో కాదు, లైన్ కొస ఫోటో పంపు. ముడిదో రాయిదో నేను చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య