డ్రోన్లు వచ్చాక ఫిరంగుల పని అయిపోయిందా? బోఫోర్స్ మీద పనిచేసినవాడిగా చెబుతున్నాను

డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: ఉక్రెయిన్‌లో యుద్ధమంతా డ్రోన్లతోనే నడుస్తోంది కదా, ఇంకా ఫిరంగులెందుకు, ఆర్టిలరీలో చేరితే భవిష్యత్తు ఉంటుందా అని.

మాది అప్పటి ప్రకాశం జిల్లా, కంభం దగ్గర పల్లెటూరు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాక పదిహేడేళ్లు గన్నుల దగ్గరే బతికాను. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో, బోఫోర్స్ అనే స్వీడన్ ఫిరంగి మీద ఉన్నాను. అక్కడ ఒక్క రోజు జరిగింది చెబుతాను, నీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

జూన్ నెల. రాత్రి పదకొండు దాటాక షెల్స్, అంటే ఫిరంగి గుండ్ల లారీ వచ్చింది. లైట్లు వెయ్యడానికి లేదు, లేహ్ రోడ్డంతా కొండ మీద కూర్చున్న పాకిస్తాన్‌వాళ్ల కళ్ల ముందే ఉంది. 155 ఎం.ఎం. అడ్డకొలత షెల్ ఒక్కోటి సుమారు 43 కిలోలు. వడ్ల బస్తా అయితే చేతికి పట్టు దొరుకుతుంది, ఇది జారుతుంది. పైగా ద్రాస్ పదివేల అడుగులకు పైన ఉంటుంది, నాలుగు దించేసరికి ఊపిరి అందదు. వరసగా నిలబడి, చీకట్లో చేతులు మార్చుకుంటూ దించాం. మా హవల్దార్ సాబ్ హర్యానా మనిషి, ఒక్కో షెల్ చేతిలోంచి చేతిలోకి పోతుంటే పైకే లెక్కపెట్టేవాడు. మా గన్నుకు నూట ఇరవై వచ్చాయి.

తెల్లవారుజాము నుంచి ఫైర్ మొదలైంది. బోఫోర్స్ పదిహేను సెకన్లలోపే మూడు షెల్స్ విసరగలదు. మధ్యాహ్నం రోటీలు వచ్చేసరికి పదకొండు మిగిలాయి. హవల్దార్ సాబ్ ఆ పదకొండింటి మీద టార్పాలిన్ కప్పి, పక్కనే కూర్చుని తిన్నాడు. రోడ్డు మీద షెల్లింగ్ జరుగుతోందని లారీ ఎక్కడో ఆగిపోయింది. రేడియో సెట్‌లో ఓపీ, అంటే ముందుండి శత్రువును చూసి గురి చెప్పేవాడు, ఫైర్ అడుగుతూనే ఉన్నాడు, పైన మన పదాతిదళం కుర్రాళ్లు రాళ్లకు అతుక్కుని ఉన్నారు. గన్ను బాగుంది, బారెల్ బాగుంది, మేమంతా ఉన్నాం, షెల్స్ లేవు. సాయంత్రం దాకా ఒక్కొక్కటి ఆచితూచి కాల్చాం. పొద్దుగూకాక లారీ చప్పుడు వినపడినప్పుడు మాలో ఇద్దరు ఏడ్చేశారు. అలాంటి టెన్షన్ నా జీవితంలో మళ్లీ చూడలేదు.

కార్గిల్ మొత్తం మీద మన సైన్యం దాదాపు రెండున్నర లక్షల షెల్స్, బాంబులు, రాకెట్లు కాల్చింది. 2022లో ఉక్రెయిన్ రోజుకు ఆరేడు వేల షెల్స్ కాల్చిందని అప్పట్లో వార్తలొచ్చాయి. అంటే మన కార్గిల్ మొత్తం వాళ్లకు నెలా పది రోజుల ఖర్చు. రష్యా అంతకు ఎన్నో రెట్లు కాల్చింది. ఆ యుద్ధానికి ముందు అమెరికా అంతటి దేశం నెలకు చేసుకునేది 14 వేల 155 ఎం.ఎం. షెల్స్. ఉక్రెయిన్ వాడకానికి అవి రెండు మూడు రోజులకు సరి! ఐరోపా దేశాలు ఉక్రెయిన్‌కు 2024 మార్చికల్లా పది లక్షల షెల్స్ ఇస్తామని మాట ఇచ్చి, సగం దగ్గరే ఆగిపోయాయి. చివరికి చెక్ దేశం పూనుకుని ప్రపంచమంతా వెతికి షెల్స్ పోగు చెయ్యాల్సి వచ్చింది.

డ్రోన్ల సంగతి నేను కాదనను. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఎక్కువ మంది గాయపడేది వాటివల్లే. మేము కాల్చినట్టు ఒకేచోట గంటల తరబడి కాలిస్తే నిమిషాల్లో డ్రోన్ నెత్తి మీదుంటుంది. కాల్చాలి, వెంటనే కదలాలి, చెట్ల కిందో వల కిందో దాక్కోవాలి. అందుకే చక్రాల మీద తిరిగే ఫ్రెంచి సీజర్ గన్నుకు, ట్యాంకులా ట్రాక్‌ల మీద కదిలే దక్షిణ కొరియా కే-9 గన్నుకు అంత గిరాకీ. కానీ మంచు పడితే డ్రోన్‌కు కళ్లు కనపడవు, జామింగ్ చేస్తే, అంటే సిగ్నల్‌ను అడ్డుకుంటే, చాలావాటికి దారి తెలీదు. జీపీఎస్‌తో పోయే ఖరీదైన ఎక్స్‌కాలిబర్ షెల్ కూడా ఆ జామింగ్‌కే గురి తప్పింది. మామూలు షెల్‌ను జామ్ చేసేవాడు ఇంకా పుట్టలేదు. డ్రోన్ వచ్చి ఓపీ పని తీసుకుంది, కొట్టే పనిలోనూ వాటా తీసుకుంది. కానీ మంచులోనూ జామింగ్‌లోనూ ఆగకుండా కొట్టే పని ఇంకా గన్నుదే అని నా గట్టి నమ్మకం.

రిటైరయ్యాక గుంటూరు దగ్గర ఒక పత్తి గింజల నూనె మిల్లులో సెక్యూరిటీ పని చేశాను. జిన్నింగ్‌లో దూది తీసేశాక కూడా గింజకు నూగు అంటుకునే ఉంటుంది. దాన్ని మిషన్ మీద గీకి తీస్తారు, లింటర్ అంటారు. పట్టుకుంటే పిల్లి బొచ్చులా మెత్తగా ఉంటుంది. షెల్ వెనక పెట్టే సంచుల్లో, దాన్ని ముందుకు తోసే మందుగుండుకు మూలం నైట్రోసెల్యులోజ్ అనే రసాయనం, దాన్ని ఎక్కువగా తయారుచేసేది ఇలాంటి లింటర్‌తోనే. ద్రాస్‌లో నేను మోసింది ఒకప్పటి పత్తినే అని అక్కడే తెలిసింది. ఐరోపా ఈ లింటర్‌లో ఎక్కువ భాగం చైనా నుంచే తెచ్చుకుంటోంది. షెల్ లోపల నింపే పేలుడు పదార్థం టీఎన్‌టీని అమెరికా తన దేశంలో చెయ్యడం 1980లలోనే మానేసింది. టీవీలో యాంకర్లు గ్రాఫిక్స్ వేసి గన్ను రేంజ్ ఎంతో అరిచి చెబుతారు. ఈ నూగు గురించి, మందుగుండు ఫ్యాక్టరీల గురించి ఒక్కడూ మాట్లాడడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆయుధాల బజారు కూడా అందుకే తలకిందులైంది. తయారీ ఆపనివాడి దగ్గరికే అందరూ పరిగెత్తారు. 2022లో పోలండ్ దక్షిణ కొరియాతో 212 కే-9 గన్నులకు ఒప్పందం చేసుకుంది. ప్రపంచానికి ఆయుధాలమ్మిన రష్యా ఉత్తర కొరియా దగ్గర షెల్స్ తీసుకుంటోంది. ఆయుధాల వ్యాపారం లెక్కలు తీసే స్వీడన్ సంస్థ సిప్రి ప్రకారం 2015-19తో పోలిస్తే 2020-24లో రష్యా ఆయుధ ఎగుమతులు 64 శాతం పడిపోయాయి. మనం కూడా అమ్ముతున్నాం, 2024-25లో మన రక్షణ ఎగుమతులు 23,622 కోట్లు. ఆర్మేనియా మన పినాకా రాకెట్ లాంచర్లు కొంది.

ఇక్కడే నాకు కడుపు రగిలేది. 1986లో 410 బోఫోర్స్ కొన్నాం, మరుసటి ఏడు లంచాల గొడవ బయటపడింది. లంచం తిన్నవాణ్ని వదిలేసి గన్నును శిక్షించారు. ఆ గన్ను తయారీ టెక్నాలజీ కాగితాలు మన చేతిలోనే ఉన్నా బీరువాలో పెట్టి, 2016లో అమెరికా గన్ను ఎం-777కు ఆర్డర్ ఇచ్చేదాకా బయటనుంచి కొత్త 155 గన్ను కొనలేదు. ఆ కాగితాల నుంచే తర్వాత జబల్‌పూర్‌లో మన సొంత గన్ను ధనుష్ వచ్చింది. ముప్పై ఏళ్లు పోకపోతే ఇవాళ కొరియా స్థానంలో మనం ఉండేవాళ్లం. ఇప్పటికీ మా ఊళ్లో "బోఫోర్స్" అంటే జనానికి కుంభకోణమే గుర్తొస్తుంది. కార్గిల్‌లో మనం తిరిగి గెలుచుకున్న టైగర్ హిల్ శిఖరం ఎవరికీ గుర్తురాదు.

చేరు తమ్ముడూ. 2025 మార్చిలో మన దేశంలోనే తయారయ్యే 307 ఏటాగ్స్ గన్నులకు సుమారు 6,900 కోట్ల ఒప్పందం అయింది, వాటి మీద నిలబడేవాళ్లు కావాలి. డ్రోన్ నడపడం కూడా నేర్చుకో. ఇంకొకటి, మేము చెవుల్లో దూది పెట్టుకుని కాల్చాం, నా కుడి చెవి పోయింది. వినికిడి మిషన్ కోసం ఒక ఆసుపత్రి చుట్టూ ఏడు నెలలు తిరిగాను. మొదటి రోజు నుంచే ఇయర్ ప్లగ్స్ అడిగి తీసుకో, ఇవ్వకపోతే సొంత డబ్బుతోనైనా కొనుక్కో.